ఎగిరిపోయిన కప్పుకు తాత్కాలిక మూత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకూలిన దృశ్యాలు చాలామందికి ఇంకా గుర్తున్నాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగానే తీరం దాటి విమానాశ్రయం టెర్మినల్ పైకప్పును సైతం చీల్చివేసింది. ఇంజినీర్లు లెక్కలు వేసి కట్టిన భవనానికే ఆ గతి పట్టినప్పుడు రేకుల ఇళ్లు, పెంకుటిళ్లు, చిన్న చిన్న షెడ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయితే గాలి చేసిన నష్టం ఒక ఎత్తయితే, కప్పు తెరుచుకున్న ఇంట్లో ఆ తర్వాతి పది పదిహేను రోజుల పాటు వాన చేసే నష్టం మరో ఎత్తు. బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు, పట్టాదారు పాసుపుస్తకాలు, మట్టి గోడలు, విద్యుత్ వైర్లు అన్నీ పాడయ్యేది ఈ రెండో దశలోనే. ఈ నష్టాన్ని చాలావరకు ఆపవచ్చు. ఆపగలిగేది తాత్కాలిక మూత ఒక్కటే అయినా, దానిని టార్పాలిన్ పట్టా తెచ్చి పైన పరిచి నాలుగు రాళ్లు పెట్టే పనిగానే చూడడం వల్ల అది రెండో గాలికే ఎగిరిపోతోంది.

ఎందుకు ఎగిరిపోతుందో తెలియాలంటే అసలు కప్పు ఎలా ఎగిరిందో ముందు చూడాలి. గాలి కప్పును పక్కనుంచి నెట్టి పడగొడుతుందని మనం అనుకుంటాం. నిజానికి వాలు తక్కువగా ఉన్న కప్పు మీదుగా గాలి వేగంగా సాగినప్పుడు పైన ఒత్తిడి తగ్గి, కప్పు పైకి పీల్చుకుపోతుంది. ఈ పీల్పు అన్ని చోట్లా ఒకే రీతిలో ఉండదు. మూలల్లో, చూరు అంచుల్లో, రెండు వాలులు కలిసే నడికొప్పు పక్కన ఎక్కువగా, మధ్యలో తక్కువగా ఉంటుంది. అందుకే తుపాను తర్వాత చూస్తే చాలా ఇళ్లలో మధ్య రేకులు నిలిచి ఉండి అంచు రేకులే పోయి కనిపిస్తాయి. దీనికి తోడు ఎగిరి వచ్చిన కొమ్మ తగిలి కిటికీయో తలుపో పగిలిందంటే, లోపలికి జొరబడిన గాలి కింది నుంచి కప్పును నెడుతుంది. పైనుంచి లాగే బలం, కింది నుంచి తోసే బలం అప్పుడు ఒకటవుతాయి. కాబట్టి పగిలిన కిటికీకి బల్ల కొట్టడం కూడా కప్పును కాపాడే పనిలో భాగమే.

ఆ బలం ఎంతో అంకెల్లో చూద్దాం. గాలి భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖలో కట్టడాల లెక్కకు ఆధారంగా నిర్దేశించిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి వేగాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని మళ్లీ 0.6తో గుణిస్తే చదరపు మీటరుపై పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. 50 మీటర్ల వేగానికి అది 1500 న్యూటన్లు, అంటే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుతో సమానం. సిమెంటు రేకు తన బరువుతో చదరపు మీటరుకు 15 కిలోలైనా నొక్కదు. జింకు రేకు 5 కిలోలు నొక్కితే ఎక్కువ. రేకును నిలిపేది దాని బరువు కాదన్నమాట, దాన్ని కింది వాసానికి పట్టి ఉంచే కొక్కెం ఆకారపు జె-బోల్టులే.

ఎగిరిపోగా మిగిలిన సిమెంటు రేకు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని బోల్టు రంధ్రాన్ని పరిశీలిస్తే జరిగినదంతా అందులో కనిపిస్తుంది. గుండ్రంగా ఉండవలసిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగి, దాని అంచు నుంచి వెంట్రుకవాసి పగులు ఒకటి రేకు చివరిదాకా పోయి ఉంటుంది. రంధ్రం చుట్టూ తారు వాషరు ఎండి పెళుసెక్కిన నల్లటి ముద్ర ఉంటుంది. రేకు ఒక్క దెబ్బకు ఊడిరాలేదు. గంటల తరబడి గాలి లేపుతూ దించుతూ ఉంటే బోల్టు దగ్గర అరిగి అరిగి, చివరికి బోల్టును వాసం మీదే వదిలేసి రేకు మాత్రం లేచిపోయింది.

ఇప్పుడు ఇదే లెక్కను పట్టాకు వర్తింపజేద్దాం. కోస్తాలో బరకం అన్నా, మరోచోట టార్పాలిన్ అన్నా వస్తువు ఒకటే. 18 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు ఉన్న పట్టా వైశాల్యం 40 చదరపు మీటర్లు. తుపాను వెళ్లిపోయిన తర్వాత వచ్చే ఈదురుగాలి గంటకు 72 కిలోమీటర్లు ఉందనుకుంటే, సెకనుకు 20 మీటర్ల చొప్పున ఒత్తిడి చదరపు మీటరుకు 24 కిలోలకు సమానమవుతుంది. అందులో సగమే పట్టాను పైకి లాగిందనుకున్నా మొత్తం మీద దాదాపు అరటన్ను బలం పడుతుంది. 25 కిలోల ఇసుక బస్తాలు 20 పెడితేనే దానికి సరిసాటి. అన్ని బస్తాలను దెబ్బతిన్న వాసాల మీదికి ఎక్కించడం ఎవరికీ సాధ్యం కాదు, ఎక్కించినా కప్పు మోయదు. ఇక ఇటుకలు, రాళ్లు, పాత టైర్లు గాలికి దొర్లి కింద ఉన్నవారి మీద పడే ప్రమాదం ఉండనే ఉంది. బరువులు పూర్తిగా పనికిరానివని అనడం లేదు. పట్టా అంచు రెపరెపలాడకుండా ఆపడానికి అవి కొంత సాయపడతాయి. కానీ పట్టాను నిలబెట్టవలసింది బిగింపే.

బిగింపు సంగతికి వెళ్లే ముందు కప్పు ఎక్కడం గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో ప్రాణాలు పోయేది అక్కడే. తుపాను కన్ను ఊరి మీదుగా దాటుతున్నప్పుడు గాలి ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది. ఆ కాస్త వ్యవధిలో తుపాను అయిపోయిందనుకుని నిచ్చెన వేసేవారు ఉంటారు. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి అదే ఉద్ధృతితో మళ్లీ మొదలవుతుంది. అధికారికంగా తుపాను బలహీనపడిందన్న ప్రకటన వచ్చి, తెల్లవారి, వాన తెరపి ఇచ్చేదాకా ఎవరూ పైకి వెళ్లకూడదు. వెళ్లేముందు ఇంటికి వచ్చే సర్వీసు వైరు ఎక్కడ పడి ఉందో చూసి, మెయిన్ ఆపాలి. మెయిన్ ఆపినంత మాత్రాన స్తంభం నుంచి ఇంటిదాకా ఉన్న తీగలో కరెంటు పోదు. ఆ తీగ తడి జింకు రేకును తాకుతూ ఉంటే లైన్‌మన్ వచ్చి విడదీసేవరకు ఆ కప్పును, దానికి ఆనించిన ఇనుప నిచ్చెనను ముట్టకూడదు.

సిమెంటు రేకుల మీద నడిచేటప్పుడు బోల్టుల వరుస మీద అడుగులు వేస్తే ఏమీ కాదని పనివారు ఒకరికొకరు చెప్పుకుంటారు. కింద వాసమో, రేకులను మోసే అడ్డ కడ్డీ అయిన ఇనుప పర్లినో ఉంటుంది కాబట్టి ఆ మాట నమ్మదగినదిగానే అనిపిస్తుంది. కానీ వాన తడికి నాచు పట్టిన రేకు మీద నాలుగు అంగుళాల వెడల్పు గీత వెంట తూలకుండా నడవడం తీగ మీద నడవడంతో సమానం. ఒక్క అడుగు పక్కకు పడితే చాలు. పైగా ఆ బోల్టు రంధ్రాల నుంచే పగుళ్లు మొదలవుతాయని పైన చూశాం. ఇరవై ఏళ్ల నాటి రేకు, రాత్రంతా గాలికి ఊగిన రేకు మనిషి బరువును మోస్తుందనడానికి ఏ ఆధారమూ లేదు.

వెలుతురు రేకులు ఇంకా ప్రమాదకరం. షెడ్లలో, గోదాముల్లో పగటి వెలుగు కోసం సిమెంటు రేకుల మధ్య అదే వంపులున్న ఫైబర్ రేకులను అక్కడక్కడ బిగిస్తారు. కొత్తలో అవి పారదర్శకంగా ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఎండకు పసుపెక్కి, దుమ్ము, నాచు పేరుకుని, పైనుంచి చూస్తే పక్కనున్న సిమెంటు రేకుకూ దీనికీ తేడా కనబడని స్థితికి వస్తాయి. కింద నిలబడి తలెత్తి చూసినవారికి మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. కాబట్టి పైకి ఎక్కే మనిషి ముందుగా లోపలికి వెళ్లి వెలుతురు రేకులు ఏ వరుసలో ఎన్నోవో లెక్కపెట్టుకుని కాగితం మీద గీసుకోవాలి. ఈ ఐదు నిమిషాల పనిని మించిన జాగ్రత్త మరొకటి లేదని నా నమ్మకం. ఎక్కిన తర్వాత కూడా నేరుగా రేకు మీద కాలు పెట్టకుండా, కనీసం రెండు మూడు పర్లిన్ల మీద ఆనేంత పొడవున్న సెంట్రింగు బల్లలు పరిచి, వాటి మీదే కదలాలి. బల్ల రెండు ఉండాలి. ఒకదాని మీద కూర్చుని రెండోదాన్ని ముందుకు జరుపుకోవాలి. నడుముకు కట్టిన తాడును కప్పుకు అవతలి వైపున్న చెట్టుకో స్తంభానికో కట్టుకోవాలి గానీ ఊగిసలాడుతున్న వాసానికి కాదు.

ఈ ఏర్పాట్లేవీ లేని ఇంట్లో మొదటి రాత్రి కప్పు జోలికి పోకపోవడమే ఉత్తమం. ఇంటి లోపల, గోడ నుంచి గోడకు తాళ్లు కట్టి, వాటి మీద పట్టాను ఒక పక్కకు వాలుగా వేసి, దిగువ అంచును కిటికీ గుండా బయటికి తీస్తే, కారే నీరు ఆ వాలు వెంట బయటికి పోతుంది. మనుషులకు, ధాన్యానికి ఆ నీడ ఒకటి రెండు రోజులకు సరిపోతుంది. చూడడానికి ఇది చేతకాని పనిలా ఉంటుంది కానీ చీకట్లో తడి రేకుల మీద పాకడం కన్నా వెయ్యి రెట్లు మేలు.

కప్పు పైన పట్టా వేసేటప్పుడు మొదటి నియమం అది నడికొప్పు దాటాలన్నది. రంధ్రం ఉన్నంత మేర మాత్రమే పట్టా వేసి దాని పై అంచును వాలు మధ్యలో వదిలేస్తే, ఎగువ నుంచి వచ్చే నీరంతా ఆ అంచు కిందికి దూరి నేరుగా ఇంట్లోకి దిగుతుంది. పట్టా పై అంచు కొప్పు మీదుగా అవతలి వాలులోకి కనీసం మూడు నాలుగు అడుగులు దిగాలి, కింది అంచు చూరు దాటి వేలాడాలి, పక్కలకు దెబ్బతిన్న భాగం కన్నా నాలుగేసి అడుగులు ఎక్కువగా ఉండాలి. పట్టా అంత పెద్దది దొరకక రెండు కలపవలసి వస్తే, పెంకులు పేర్చినట్లే పైదాని అంచు కిందిదాని మీదికి రావాలి.

రెండో నియమం అంచుల గురించి. పట్టాకు ఉన్న ఇత్తడి కళ్లలో తాడు దూర్చి నాలుగు మూలలా లాగి కట్టడం మనకు అలవాటు. అప్పుడు గాలి బలమంతా ఆ నాలుగైదు కళ్ల దగ్గరే కేంద్రీకృతమై, అవి ఒక్కొక్కటిగా చిరుగుతాయి. అలా కాకుండా పట్టా అంచును రెండు అంగుళాల చెక్క రీపరుకు రెండు మూడు చుట్లు చుట్టి, ఆ రీపరును వాసాలకో చూరు కింది దూలానికో మేకులతో, బైండింగు వైరుతో బిగిస్తే, లాగుడు మొత్తం అంచు పొడవునా సమానంగా పంచుకుంటుంది. రీపరును పట్టా పైన పెట్టి మేకు కొడితే ప్రతి మేకు రంధ్రమూ ఒక కారే చోటవుతుంది. చుట్టి తిప్పి కొడితే ఆ రంధ్రాలు మడత లోపల దాగిపోతాయి. పెంకుటింటికి మేకు కొట్టే వీలు లేనిచోట పట్టా రెండు అంచుల రీపర్లనూ చూరుల కిందికి దించి, ఇంటి లోపలి నుంచి ఒకదానికొకటి తాడుతో బిగించి కట్టవచ్చు. మత్స్యకార గ్రామాల్లో తాటాకు కప్పు మీద పాత వల పరిచి అంచులను నేలలో పాతిన గుంజలకు కట్టే పద్ధతి ఉంది. అదే వలను పట్టా మీద కూడా పరిస్తే పట్టా ఉబ్బకుండా, రెపరెపలాడకుండా ఉంటుంది. డబ్బు ఖర్చులేని ఉపాయాల్లో దీనికి మించినది నాకు తెలియదు.

పట్టా బిగువుగా ఉండాలి. వదులుగా ఉన్నచోట నీరు నిలుస్తుంది, నీటి బరువుకు పట్టా ఇంకా సాగుతుంది, సాగిన కొద్దీ ఇంకా నీరు చేరుతుంది. మీటరు వెడల్పు, మధ్యలో పది సెంటీమీటర్ల లోతు ఉన్న చిన్న గుంటలోనే 40 లీటర్లు, అంటే 40 కిలోల నీరు ఉంటుంది. ఎగిరిపోయిన రేకుల స్థానంలో అడుగున్నర ఎడంతో అడ్డ రీపర్లు వేసి వాటి మీద పట్టా లాగితే ఈ సమస్య చాలావరకు రాదు. పట్టా నాణ్యత విషయానికి వస్తే, సహాయ సంస్థలు పంచే ప్రామాణిక పట్టా 4 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవుతో, చదరపు మీటరుకు సుమారు 200 గ్రాముల బరువుతో, లోపల దిట్టమైన పట్టీలతో ఉంటుంది. దుకాణంలో కొనేటప్పుడు రంగు కాదు, ఈ గ్రాముల లెక్క అడగాలి. ఫ్లెక్సీ బ్యానర్లు ఊరూరా ఉచితంగా దొరుకుతాయి, నీటిని బాగానే ఆపుతాయి. కానీ ఒకచోట చిరుగు మొదలైతే బారెడు పొడవునా సాగుతుంది. రెండు మడతలుగా వేసి అంచులు రీపరుకు చుడితే కొన్ని వారాలు ఆగుతాయి.

వెలుతురు రేకు పగిలినప్పుడు, మెట్ల పైనో నడిమింటి పైనో కప్పులో బిగించిన అద్దం పగిలినప్పుడు పట్టా ఒక్కటి చాలదు, బల్ల కావాలి. కారణం నీటికన్నా మనిషే. పట్టా కప్పిన రంధ్రం పైనుంచి చూసేవారికి గట్టి కప్పులా కనబడుతుంది, మరుసటి వారం మరమ్మతుకు ఎక్కిన పనివాడు దాని మీదే కాలు వేస్తాడు. అందుచేత రంధ్రం కన్నా అన్ని వైపులా అడుగు ఎక్కువ ఉండే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను తీసుకుని, రేకుకు కాకుండా దాని కింద ఉన్న పర్లిన్లకు బిగించాలి. పర్లిన్లు దూరంగా ఉంటే రంధ్రం కింద అడ్డంగా రెండు రీపర్లు పెట్టి, పైన ప్లైవుడ్, కింద రీపరు, మధ్యలో బోల్టు వచ్చేలా పట్టుకట్టాలి. రేకు వంపుల మీద బల్ల సమంగా ఆనదు. దాని పై అంచు కింద ఖాళీ మిగులుతుంది, నీరు అక్కడినుంచే దిగుతుంది. అందుకని బల్లను పట్టాతో చుట్టి, ఆ పట్టా పై భాగాన్ని ఎగువ రేకు అతుకు కిందికి దూర్చాలి, అది కుదరకపోతే కొప్పుదాకా తీసుకుపోవాలి. చివరగా బల్ల మీద ఎర్ర రంగుతో ‘కింద రంధ్రం ఉంది, కాలు పెట్టరాదు’ అని పెద్ద అక్షరాలతో రాయాలి. అద్దాల విషయంలో ఇంకొక మెళకువ ఉంది. మామూలు అద్దం కత్తుల్లా విరిగి చట్రంలో వేలాడుతుంది, గట్టిపరచిన అద్దం చిన్న చిన్న గుళ్లుగా రాలిపోతుంది, రెండు పొరల మధ్య పలుచని ప్లాస్టిక్ ఉన్న అద్దం పగిలినా చట్రంలోనే నిలుస్తుంది. మొదటి రకమైతే పైన పని మొదలుపెట్టే ముందే కింది గదిని ఖాళీ చేయించి, నేల మీద పాత దుప్పట్లు పరవాలి.

సిమెంటు రేకుల్లో ఎక్కువ భాగం ఆస్బెస్టాస్ కలిసినవే. ఆ నార ఊపిరితిత్తులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో తేల్చింది. విరిగిన ముక్కలను ఎండుగా ఉండగా కోయకూడదు, సుత్తితో కొట్టి చిన్నవి చేయకూడదు, చీపురుతో ఊడ్వకూడదు. నీళ్లు చల్లి తడిపి, ముక్కలను అలాగే ఎత్తి, గోతాల్లో కాకుండా మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టాలి. వాటిని పొయ్యి దిమ్మెలకు, దారిలో గుంతలు పూడ్చడానికి వాడడం చాలా ఊళ్లలో ఉన్న అలవాటు, అది మానుకోవలసిందే.

ఇంత చెప్పినా చాలా కుటుంబాలు కప్పును వెంటనే మూయకపోవడానికి ఒక బలమైన కారణం ఉంది. నష్టం లెక్క రాసే బృందం వచ్చేసరికి కప్పు మూసి ఉంటే పరిహారం రాదేమోనన్న భయం అది. రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధికి 2022–26 కాలానికి నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000 రూపాయలు, అదీ నష్టం కనీసం 15 శాతం ఉన్నప్పుడే ఇస్తారు; గుడిసె అయితే 8,000 రూపాయలు. ఈ మొత్తం కోసం వారం రోజులు ఇల్లు తడవనిస్తే అంతకు మించిన సామాను పోతుంది. కానీ రోజు కూలితో బతికే ఇంటికి 6,500 రూపాయలు చిన్న మొత్తం కాదు. వారి భయాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. మార్గం ఏమిటంటే, మూయడానికి ముందే ఫోన్‌తో లోపలి నుంచి ఆకాశం కనబడేలా, బయట నుంచి నాలుగు వైపులా, ఇంటి నంబరు కూడా పడేలా ఫొటోలు తీసి, వాటిని ఆ రోజే సచివాలయ సిబ్బందికో గ్రామ రెవెన్యూ అధికారికో పంపడం. విరిగిన రేకులను పారేయకుండా ఒకచోట పేర్చి ఉంచితే ఎన్ని పోయాయో లెక్క చూపించవచ్చు. నష్టం రాసే బృందం కూడా పట్టా వేసిన ఇంటిని దెబ్బతినని ఇంటిగా చూడరాదని అధికారులు మొదటి రోజే స్పష్టంగా ప్రకటించాలి. ఆ ఒక్క ప్రకటనతో ఎన్నో ఇళ్లు తడవకుండా మిగులుతాయి.

బీమా ఉన్నవారి పరిస్థితి ఇందుకు దాదాపు వ్యతిరేకం. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ అమల్లో ఉంది. తుపాను, గాలివాన నష్టాలు దాని పరిధిలోకి వస్తాయి. నష్టం మరింత పెరగకుండా యజమాని తగిన చర్యలు తీసుకోవాలన్నది బీమాలో సాధారణ షరతు. కప్పు తెరిచి ఉంచి వారం తర్వాత తడిసిన మంచాలను చూపిస్తే సర్వేయరు అభ్యంతరం చెప్పవచ్చు. కాబట్టి ఫొటోలు తీసి, కంపెనీకి సమాచారం ఇచ్చి, వెంటనే మూయాలి. పట్టా, రీపర్లు, కూలికి అయిన ఖర్చు రసీదులను దాచుకోవాలి.

వేసిన మూత ఎన్నాళ్లు ఆగాలన్నది చివరి ప్రశ్న. అమెరికాలో హరికేన్ తర్వాత ప్రభుత్వం ఇళ్లకు ఉచితంగా వేసే నీలి ప్లాస్టిక్ పట్టా కప్పులను 30 రోజులు నిలవడానికి ఉద్దేశించినవని చెబుతారు. మన దగ్గర అక్టోబరులో కప్పు పోయిన ఇంటికి కొత్త రేకులు పడేసరికి సంక్రాంతి దాటడం మామూలే. తుపాను తర్వాత రేకుల ధర పెరుగుతుంది, వడ్రంగులు దొరకరు. ఈలోగా మరో వాయుగుండం రావచ్చు. అందుకని ప్రతి వాన తర్వాతా కింద నుంచి ఒకసారి చూసి, సాగిన తాడు బిగించి, నిలిచిన నీటిని పొడవాటి కర్రతో లోపలి నుంచి పైకి నెట్టి పారబోయాలి. ఎండకు పట్టా పై పొర పొడిలా రాలి, గోటితో గీరితే దారాలు తేలుతున్నాయంటే దాని పని అయిపోయినట్టే. కొత్త రేకులు వేసే రోజున పాత రీపర్లు, పాడవని జె-బోల్టులు మళ్లీ వాడుకోవచ్చు. పాత రేకును తిరిగి బిగించవలసి వస్తే మాత్రం సాగిన రంధ్రాన్ని వదిలేసి, వంపు శిఖరం మీదే కొత్త రంధ్రం వేయాలి, కొత్త తారు వాషరు పెట్టాలి, చూరు అంచున, మూలల్లో మునుపటికన్నా దగ్గర దగ్గరగా బోల్టులు బిగించాలి.